పాత పికప్ జీపుకు డిస్కు బ్రేకులు



సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఘాట్ రోడ్డు మీలో చాలామందికి తెలిసిందే. ఎక్కేటప్పుడు ఇంజిను రొద పెడుతుంది, రేడియేటరు మరుగుతుంది, బండిలో కూర్చున్నవాళ్లకు గుండె దడ పుడుతుంది. నిజానికి భయపడవలసింది దిగేటప్పుడు. అల్లం బస్తాలు నింపుకుని, వాటి మీద నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని ఒక పాత పికప్ జీపు సాలూరు వైపు దిగుతుంటే, సగం దారిలో కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. అది బ్రేకు లైనింగు వాసన. ఆ తరువాతి మలుపులో డ్రైవరు పెడలును రెండు మూడుసార్లు గబగబా తొక్కుతున్నాడంటే బ్రేకు పట్టు జారుతున్నదన్నమాట.

సంతకు వెళ్లేవాళ్లేకాదు, మా బడికి వచ్చే పిల్లలు కూడా ఇలాంటి బండ్లే ఎక్కి వస్తారు. అందుకే పాత జీపులున్నవారు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ముందు చక్రాలకు డిస్కు బ్రేకు వేయిస్తే ఈ బాధ పోతుందిటగదా?" అని అడిగితే ఊరికే అవుననీ కాదనీ చెప్పలేను. నేను మిస్త్రీని కాను, సైన్సు పాఠం చెప్పుకునేవాణ్ణి. కానీ మిస్త్రీ చేతిలోని పానాకూ, నా చేతిలోని సుద్దముక్కకూ సూత్రం ఒకటే కదా. ఆ లెక్క ఏమిటో కాసేపు చూద్దాం.

బండి, సరుకు, మనుషులు అంతా కలిపి 2000 కిలోలనుకోండి. నిలువు ఎత్తులో 500 మీటర్లు దిగిందనుకోండి. దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 98 లక్షల జౌళ్లు. అంకె అలా ఉంచి, దాన్ని పొయ్యి లెక్కలోకి మారుద్దాం. 33 లీటర్ల చల్లనీళ్లను, అంటే సుమారు రెండు బిందెల నీళ్లను, తెర్లబెట్టడానికి సరిపోయే వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, గేరులో దిగితే ఇంజిను కొంత తీసుకుంటుంది. మిగిలినదంతా బ్రేకులకే. గేరు న్యూట్రల్‌లో వేసి పెట్రోలు ఆదా చేస్తున్నాననుకునే డ్రైవరు ఆ రెండు బిందెల వేడినీ నాలుగు ఇనప డ్రమ్ముల నెత్తిన పోస్తున్నాడన్నమాట.

ఇప్పుడు డ్రమ్ము లోపల ఏం జరుగుతుందో చూడండి. డ్రమ్ము బోర్లించిన గిన్నె వంటిది. లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు, వాటికి లైనింగు. పెడలు తొక్కితే వీల్ సిలిండరు ఆ షూలను బయటికి నెడుతుంది, అవి గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి. వేడెక్కిన ఇనుము వ్యాకోచిస్తుందని ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. గిన్నె వ్యాకోచిస్తే దాని గోడ ఎటు జరుగుతుంది? షూలకు దూరంగా, బయటికి. అంటే బ్రేకు ఎంత అవసరమైతే గోడ అంత దూరం పోతుంది, పెడలు అంత కిందికి దిగుతుంది. పైగా కాలిన లైనింగు పట్టు కోల్పోయి జారుతుంది. ఆ వేడి బయటికి పోదామంటే మూతపెట్టిన గిన్నెలో దారేదీ? వానకాలం వాగు దాటితే లోపల చేరిన నీరు కూడా అంత త్వరగా పోదు.

డిస్కు సంగతి వేరు. మీ సైకిలు బ్రేకు గుర్తు తెచ్చుకోండి. రెండు రబ్బరు ముక్కలు రిమ్మును రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. డిస్కు బ్రేకు దానికి అన్నగారు. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లెం, దాన్ని పట్టుకారులా పట్టే కాలిపర్, అందులో రెండు ప్యాడ్లు. పళ్లెం వేడెక్కి ఉబ్బితే ప్యాడ్ల వైపే వస్తుంది, దూరం పోదు. గాలికి తెరిచి ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది, నీళ్లు పడినా తిరిగే వేగానికి విదిలించేస్తుంది.

ఇది కొత్త ఊహ కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లమాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచాక లోకం కళ్లు తెరిచింది. అమెరికాలో షెవ్రొలే పికప్పులకు 1971 మోడలు నుంచి ముందు చక్రాలకు డిస్కులు మామూలైపోయాయి. అంతకు ముందరి పికప్పులను ముచ్చటపడి ఉంచుకున్నవాళ్లు అక్కడ డ్రమ్ములు తీసి డిస్కులు వేసుకుంటున్నారు. వాళ్లకు ఆ పనికి కావలసిన సామానంతా ఒకే పెట్టెలో, ఒకదానికొకటి కొలత సరిపోయేలా దొరుకుతుంది. మనకున్న పాత జీపులు విల్లీస్ వంశానివి. వీటికి పాత సామాన్ల దుకాణంలో ఒక బండిది కాలిపరూ, ఇంకో బండిది డిస్కూ, మరో బండిది మాస్టర్ సిలిండరూ ఏరుకు రావడం మామూలు. చిక్కంతా ఇక్కడే. డిస్కు చెడ్డది కాదు, డిస్కును ఒంటరిగా తెచ్చి పెట్టడం చెడ్డది.

ఎందుకో చెబుతాను. డ్రమ్ములో ఒక చమత్కారం ఉంది. తలుపు కింద చెక్క ముక్క దూర్చితే, తలుపు తోసినకొద్దీ అది బిగుసుకుంటుంది చూశారా? అలాగే తిరిగే డ్రమ్ము ముందరి షూను తనతో లాక్కుని ఇంకా గట్టిగా బిగిస్తుంది. డ్రైవరు కొంచెం తొక్కితే చాలు, మిగతా పని డ్రమ్మే చేసుకుంటుంది. డిస్కులో ఈ సాయం లేదు. దాన్ని పిండినంతసేపే పట్టుంటుంది. అందువల్ల పాత పెడలుతో డిస్కును ఆపబోతే కాలి బలం చాలదు, బూస్టరు కావాలి. బూస్టరుకు వాక్యూమ్ కావాలి. పెట్రోలు ఇంజినైతే గాలి పీల్చే గొట్టం నుంచే అది దొరుకుతుంది. డీజిలు ఇంజినులో అలా దొరకదు, దానికి వేరే వాక్యూమ్ పంపు ఉండాలి. డీజిలు జీపుల్లో అది ఆల్టర్నేటరు వెనుక బిగించి ఉంటుంది. మీ బండికి అది లేకపోతే ముందు దాని ఖర్చు లెక్కవేసుకోండి.

మాస్టర్ సిలిండరు సంగతి ఇంకా సూక్ష్మమైనది. డ్రమ్ములకు పనికివచ్చే పాత సిలిండరులో, పెడలు వదిలిన తరువాత కూడా గొట్టాల్లో కొద్దిపాటి ఒత్తిడిని, సుమారు 10 పౌన్లు, ఆపి ఉంచే కవాటం ఉంటుంది. డ్రమ్ముకు అది మేలే. అదే కవాటం డిస్కు వైపు ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ పళ్లేన్ని రాసుకుంటూనే ఉంటాయి, చదును రోడ్డు మీద కూడా చక్రం కాలిపోతుంది. దాన్ని తీసేస్తే సరిపోతుందా అంటే, పాత విల్లీస్ నమూనాలో మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరుకు అడుగున ఉంటుంది. కాలిపర్ దానికన్నా ఎత్తులో ఉంటే బ్రేక్ ఆయిలు మెల్లగా వెనక్కి జారుతుంది, పొద్దున్నే మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. అటువంటి చోట 2 పౌన్ల చిన్న కవాటం వేయాలి. ఈ ముక్క తెలియక, "కొత్త బ్రేకు కూడా పంపు కొట్టించుకుంటున్నది" అని మిస్త్రీని తిట్టేవాళ్లుంటారు.

పాత జీపుల్లో ఇంకొక లోపం ఉంది, నా మట్టుకు నాకు డ్రమ్ముకన్నా అదే పెద్ద లోపం. నాలుగు చక్రాలకూ ఆయిలు దారి ఒక్కటే. ఒక్క రబ్బరు గొట్టం పగిలినా, ఒక్క వీల్ సిలిండరు కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. ముందు చక్రాలకొక గది, వెనుక చక్రాలకొక గది ఉన్న జంట మాస్టర్ సిలిండరు వేస్తే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. డబ్బు ఒక పనికే సరిపోతే, డిస్కుల కన్నా ముందు ఈ జంట సిలిండరు వేయించమని నా సలహా. డిస్కులు వేయించేవారికైతే ఇది ఎలాగూ తప్పదు. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టను ముందుకు జరిగి ఎక్కువ ఆయిలు పట్టుకుంటుంది. పాత చిన్న డబ్బాలో అంత ఆయిలు ఉండదు.

ఇక ముందూ వెనుకల తూకం. పికప్పుకు ఇదే ప్రాణం. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉంచుకోవడం మంచి ఏర్పాటే, చాలా కొత్త బండ్లూ అలాగే వస్తాయి. కానీ వెనుక డ్రమ్ము తన చమత్కారంతో త్వరగా పట్టేస్తుంది. తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు వెనుక బరువుండదు. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు బిగుసుకుని బండి తోక పక్కకు తిరుగుతుంది. మా వీధిలో ఒకాయన ముందు డిస్కులు మాత్రం వేయించి మిగతాదంతా పాతదే ఉంచాడు. బూస్టరు లేదు గనుక బలమంతా పెట్టి తొక్కేవాడు. తొలకరి రోజున ఖాళీ బండి అడ్డంగా తిరిగి వరి మడిలోకి దిగింది. మనిషికి ఏమీ కాలేదు. డిస్కుల వల్లే బండి తిరిగిందని ఆయన ఇప్పటికీ చెబుతాడు. తిప్పింది వెనుక డ్రమ్ములు. వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు ఒకటుంది. ఆక్సిలుకు కడ్డీతో కట్టి, తొట్టెలో బరువును బట్టి తనంతట తానే సర్దుకునే రకం పికప్పులకు తగినది.

బ్రాకెట్టు గురించి ఒక లెక్క చెప్పి తీరాలి. కాలిపర్‌ను ముందు ఆక్సిలు నకిలుకు పట్టి ఉంచే ఇనప పలక అది. మనం చెప్పుకున్న 2000 కిలోల బండిని గట్టిగా ఆపినప్పుడు ఒక్కొక్క ముందు బ్రాకెట్టు మీద పడే లాగుడు సుమారు 1200 కిలోలు. చక్రం పెద్దది, డిస్కు చిన్నది కనుక టైరు దగ్గరి బలం డిస్కు దగ్గర మూడింతలవుతుంది. అలాంటి పలకను గ్యాసుతో కోసి, నాలుగు వెల్డింగు చుక్కలు పెట్టి బిగిస్తే ఏమవుతుందో ఊహించండి. తగిన మందం పలకను మిషను మీద కోయించి, నకిలు బోల్టులకు సరిగ్గా రంధ్రాలు వేయించి, గట్టి రకం బోల్టులతోనే బిగించాలి. హబ్బు బోల్టుల వృత్తం 5½ అంగుళాలకు కలిసింది కదా అని సంతోషించకండి. డిస్కు సరిగ్గా కాలిపర్ నడిమధ్యలో తిరగాలి, రిమ్ము కాలిపర్‌కు తగలకూడదు, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు రబ్బరు గొట్టం లాగబడకూడదు.

పని మొదలుపెట్టేటప్పుడు పాత డ్రమ్ములోని దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదనివ్వకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవమనండి. మిస్త్రీ నవ్వినా సరే.

బ్రేక్ ఆయిలు గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చిన తరువాత 140 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి, బుడగ నలుగుతుందే తప్ప బ్రేకును నొక్కదు. కాలిపర్‌లో పిస్టను సరిగ్గా వేడి ప్యాడ్ వెనుకే ఉంటుంది. కనుక డిస్కు వేసిన బండికి ఆయిలు పట్ల ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చండి.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. "బ్రేకు రకం ఆర్‌సీ పుస్తకంలో రాయరు, ఎవరడుగుతారు?" అనే మాట గ్యారేజీల్లో వింటుంటాం. ప్రమాదం జరిగిన రోజున అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ముందుగానే ఆర్‌టీవో కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగండి.

అనుమతి రాకపోయినా, అంత ఖర్చు పెట్టుకోలేకపోయినా బెంగపడకండి. పాత డ్రమ్ములనే సరిగా ఉంచుకోండి. మన పాత జీపుల్లో షూలు తమంతట తాము సర్దుకోవు, వాటిని మనిషే సర్దాలి. ఏళ్ల తరబడి సర్దకుండా తిప్పి, పెడలు దిగిపోతున్నదని డ్రమ్మును నిందించేవాళ్లే ఎక్కువ. లేతు మీద పదే పదే తరిగించిన డ్రమ్ము పలచబడి మరీ త్వరగా కాగుతుంది. వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగిందంటే దాన్ని పక్కన పడేయవలసిందే.

డిస్కులు వేయించినవారు మొదటిరోజే ఘాటీకి పోకండి. ముందు ఖాళీ మైదానంలో, ఖాళీ బండితో, నడక వేగంలో ఆపి చూడండి. తరువాత చదును రోడ్డు మీద మధ్య మధ్య చల్లారనిస్తూ 30 సార్లు మెల్లగా ఆపితే ప్యాడ్లు డిస్కుకు అమరుతాయి. ఆ తరువాత ఇసుక బస్తాలు వేసి చూడండి, మనుషుల్ని ఎక్కించకండి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే వాల్వు సర్దించండి. 500 కిలోమీటర్లు తిరిగాక బ్రాకెట్టు బోల్టులన్నీ మరోసారి పానాతో బిగించి చూపించుకోండి. ఘాటీకి వెళ్లిన రోజున, కొత్త బ్రేకులున్నాయి కదా అని గేరు వదలకండి. ఎక్కిన గేరులోనే దిగండి. దిగాక దిగువన బండి ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి తాకించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రమే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే, అక్కడ ప్యాడో షూవో రాసుకుంటున్నదని గుర్తు. తిరుగు ప్రయాణానికి ముందే చూపించండి.