కరెంటు ఇవ్వను అనగలిగిన మిస్త్రీ

కరెంటు పని కోర్సు ముగించి పట్టాలు అందుకోబోతున్న అన్నదమ్ములారా, ఈ పూట సేట్ గారు తన గాలాను, అంటే మరమగ్గాల షెడ్డును, మనకు సభామందిరంగా విడిచిపెట్టారు. నేను తెలుగులోనే మాట్లాడతాను. నా తర్వాత మాట్లాడేవారు ఉర్దూ బ్యాచ్ మిత్రులకు ఉర్దూలో చెబుతారు. నాకంటే తక్కువసేపు మాట్లాడతానని మాట కూడా ఇచ్చారు.

శుక్రవారం పెట్టుకోవడం మంచిదైంది. వేరే రోజైతే మన భివండీ గైబీ నగర్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ముందు ఏ మైకూ నిలవదు.

స్నాతకోత్సవాల్లో ముఖ్య అతిథులు సాధారణంగా ఒక మాట అంటారు: నేటి నుంచి మీరు జీవితంలోకి అడుగుపెడుతున్నారు అని. ఆ మాట మీకు చెబితే నవ్విపోతారు. రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌన్ చూసి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. జుట్టు నెరిసినవాళ్లున్నారు. తండ్రీ కొడుకులు ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన జంట కూడా ఉంది, ఎవరికి మార్కులు ఎక్కువ వచ్చాయో నేను చెప్పను, ఇంట్లో గొడవ నాకెందుకు. మీరు పనిలోకి వెళ్లడం లేదు. పని చేస్తూ చేస్తూ మధ్యలో చదువుకు వచ్చారు. అది కాలేజీ కుర్రాడి చదువు కంటే కష్టం. వాడు రాకపోతే హాజరు పోతుంది, మీరు వస్తే ఆ పూట కూలి పోతుంది.

మన పెద్దలు సిరిసిల్ల నుంచి, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు నేత ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మేనమామ పక్కన నిలబడి, బావ సాంచా దగ్గర నూలు కాండీలు అందిస్తూ. పద్మనగర్‌లోనూ కామత్‌ఘర్‌లోనూ ఇల్లిల్లూ ఒక బడి. కరెంటు పనీ అంతే. ఉస్తాద్ నిచ్చెన ఎక్కితే కింద పట్టుకున్నవాడే శిష్యుడు. ఆ చదువును చిన్నచూపు చూసే మాట నా నోట రాదు. మోటారు చప్పుడు విని బేరింగ్ పోయిందో ఫేజ్ పోయిందో చెప్పే చెవి ఏ పుస్తకమూ ఇవ్వదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదివి వచ్చిన పిల్లలకు ఆ చెవి రావడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది.

చిక్కు మరోచోట ఉంది. ఉస్తాద్ దగ్గర మంచీ చెడూ కలిసే వస్తాయి. పని చేసే ముందు మెయిన్ తీసి, ఫ్యూజులు జేబులో వేసుకోమని నేర్పిన చేయే ఫ్యూజు పదేపదే పోతుంటే తీగను రెండు పేటలు వేయమనీ నేర్పింది. మొదటిది ప్రాణం కాపాడే అలవాటు, రెండోది కారఖానా తగలబెట్టే అలవాటు. శిష్యుడికి రెండూ ఒకే గౌరవంతో అందాయి. ఏది ఎందుకో తెలియనంతకాలం వాటిని విడదీయలేడు. ఆ ఎందుకు అన్నదాని కోసమే మీరు ఇక్కడికి వచ్చారు.

ఉస్తాద్ నేర్చుకున్న కాలం వేరు. అప్పుడు దేశమంతటా నడిచినవి 1956 నాటి భారత విద్యుత్ నియమాలు. వాటి స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి. అవీ పోయి 2023లో కొత్తవి వచ్చాయి. వైరింగ్ ఎలా చేయాలో చెప్పే ఐఎస్ 732 ప్రమాణాన్ని 2019లో తిరగరాశారు. జాతీయ విద్యుత్ స్మృతి 2011లో ఒకసారి, 2023లో మరోసారి మారింది. ఒక మనిషి పనిచేసే వయసులోనే ఇన్ని మార్పులు. వీటిలో ఏదీ మీ గాలాకు నడిచివచ్చి తలుపు తట్టదు.

భివండీ కూడా మారింది. 2007 జనవరిలో ఇక్కడి కరెంటు పంపిణీ ఫ్రాంచైజీ పద్ధతిలో టోరెంట్ పవర్ చేతికి వెళ్లింది. దేశంలో ఆ తరహా ఏర్పాటు అదే మొదలు. అంతకు ముందు సరఫరా అయిన కరెంటులో సగానికి పైగా భాగానికి డబ్బు వచ్చేది కాదు. ఆ రోజుల్లో మీటరు తప్పించి తీగ లాగగలవాడే మొనగాడైన వైర్‌మన్ అని పేరుండేది, ఈ సభలో ఉన్న పెద్దవాళ్లకు నేను గుర్తు చేయనక్కరలేదు. మీటరు గట్టిగా తిరగడం మొదలుపెట్టాక ఆ విద్యకు గిరాకీ పడిపోయింది. వదులు జాయింటు దగ్గర వేడిగా పోయే యూనిట్‌కీ సేట్ డబ్బు కడుతున్నాడు. సరైన లగ్గు వేసి క్రింపింగ్ చేసేవాడికి అప్పుడు విలువ వచ్చింది.

ఇక సాంచా సంగతికి వస్తాను. మీరు రోజూ చూసేదే, కానీ ఒక్కసారి నెమ్మదిగా చూద్దాం.

మామూలు సాంచాకు ఒక హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు. లోడు మీద నడిచేటప్పుడు రెండు ఆంపియర్ల లోపు తీసుకుంటుంది. వానాకాలం రాత్రి, రేకుల షెడ్డు, స్తంభం దగ్గర ఒక ఫేజ్ పోయింది. నడుస్తున్న మోటారు ఆగదు. మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా పెట్టి ఉంటే కొద్దిసేపట్లో ట్రిప్ చేయాలి. కానీ పోయిన నెల అది ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో స్క్రూను చివరిదాకా తిప్పేశారు. ఇప్పుడది ఉన్నా లేనట్టే. వైండింగ్ వేడెక్కుతుంది, వార్నిష్ వాసన వస్తుంది. మోటారు మీద, జంక్షన్ బాక్సు మీద పత్తి నూగు వేలు మందాన పేరుకుని ఉంది. తర్వాత ఏం జరగగలదో ఈ ఊళ్లో ఫైరింజన్ గంట విన్నవాళ్లకు చెప్పక్కరలేదు.

మరి స్క్రూ తిప్పినవాడు దుర్మార్గుడా? కాదు. నేత కార్మికుడికి మీటరు లెక్కన కూలి. సాంచా ఆగిన ప్రతి నిమిషం అతని సంచిలోంచి పోతుంది. పన్నెండు గంటల షిఫ్టు, ఊళ్లో ఇంటికి పంపాల్సిన డబ్బు. సేట్‌కు ఆర్డరు తొందర. అందరూ మిస్త్రీ చుట్టూ చేరి ఒక్క మాటే అంటారు: జల్దీ చాలూ కర్ దో, భాయ్. ఆ ఒత్తిడిలో స్క్రూ తిరుగుతుంది. అందుకే భద్రత అంటే తెలివి లేక తప్పేవాళ్ల సమస్య అని చెప్పే ప్రసంగాలు నాకు నచ్చవు. చాలాసార్లు తెలిసే తప్పుతాం, కాదని చెప్పే బలం లేక.

ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? అరవడం వల్ల రాదు. సేట్‌తో వాదించి గెలిచిన మిస్త్రీని నేను ఎక్కువమందిని చూడలేదు. కొలత వల్ల వస్తుంది. ఈ కోర్సులో మీచేత మెగ్గర్ పట్టించారు. 500 వోల్టులు పెట్టి, ఒక నిమిషం ఉంచి, తీగకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ కనీసం ఒక మెగోమ్ ఉందో లేదో చూడమన్నారు. కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ మూడు ఫేజుల మీదా తగిలించి మూడు అంకెలూ రాయమన్నారు. ఆ నోట్‌బుక్కు రాసేటప్పుడు మీలో కొందరు విసుక్కున్నారని మాస్టారు చెప్పారు. కానీ ఆలోచించండి. 'సేట్, ఈ కేబుల్ బాగాలేదు' అంటే అది మీ అభిప్రాయం. 'సేట్, ఒక మెగోమ్ ఉండాలి, దీనికి పావు కూడా లేదు, ఇదిగో, మీరే చూడండి' అంటే అది మీ అభిప్రాయం కాదు. అప్పుడు కరెంటు ఇవ్వను అనడం తలపొగరు అనిపించుకోదు. తారీఖు వేసి, అంకె రాసి, ఒక కాగితం సేట్ చేతిలో పెట్టి రండి. రాసిచ్చిన కాగితాన్ని పక్కన పడేసి స్విచ్చి వేయమనడానికి ఎంతటి సేట్ అయినా ఒకసారి ఆగుతాడు.

ఎమ్‌సీబీ ఉంది కదా, ఇంకేం భయం అని ఇప్పటికీ అంటారు. ఎమ్‌సీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. పది ఆంపియర్ల ఎమ్‌సీబీ పది ఆంపియర్లు దాటితే గానీ కదలదు. మనిషి ఒంట్లో 30 మిల్లీఆంపియర్లు పారితేనే ప్రాణం మీదికి వస్తుంది. పది మిల్లీఆంపియర్లు దాటితేనే చేయి పట్టిన తీగను విడిపించుకోవడం కష్టం. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి సాంచా ఫ్రేమును ముట్టుకున్న పిల్లవాడిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, దానికి తోడు నిజంగా భూమిలోకి దిగిన ఎర్తింగ్. గోడకు ఆకుపచ్చ తీగ కనిపించినంత మాత్రాన అది ఎర్తింగ్ కాదు, లాగి చూస్తే చేతికి ఊడివచ్చిన ఆకుపచ్చ తీగలు ఈ గల్లీల్లోనే కావలసినన్ని. మన దేశంలో కరెంటు తగిలి ఏటా పదివేలకు పైగా మనుషులు చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలే చెబుతున్నాయి. ఏ అంటువ్యాధి ఇంతమందిని తీసుకుపోయినా పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కేది.

బయటి దేశాల్లో కొన్నిచోట్ల ఎలక్ట్రీషియన్‌ను ప్రభుత్వమే మళ్లీ బడికి పంపుతుంది. అమెరికాలో వైరింగ్ స్మృతిని మూడేళ్లకోసారి మారుస్తారు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న టెక్సాస్‌లో ఎలక్ట్రీషియన్ ఏటా నాలుగు గంటల పాఠం విని తీరాలి, లేకపోతే లైసెన్సు రెన్యువల్ కాదు. మిన్నెసోటాలో రెండేళ్లకు 16 గంటలు. అక్కడి మన సాఫ్ట్‌వేర్ పిల్లల ఇంటికి ఫ్యాను బిగించడానికి వచ్చేవాడు ఆ పాఠం విని వచ్చినవాడు. మీరు ఏ చట్టమూ మెడ మీద కూర్చోకుండానే వచ్చారు. వాళ్లకంటే గొప్పవాళ్లని అనను, కానీ క్లాసుకు వస్తే మీకు ఆ పూట కూలి పోతుంది. ఈ మాట ఇక్కడున్న యజమానుల చెవిన కూడా వేస్తున్నాను. మీ మిస్త్రీని ఏడాదికి ఒక్క రోజు జీతంతో క్లాసుకు పంపండి. కాలిన ఒక్క మోటారు రీవైండింగ్ బిల్లుతో పోల్చి చూసుకోండి.

ఎందుకంటే పని ఇక ముందు సాంచా దగ్గర ఆగదు. 2017 ఏప్రిల్‌లో పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని కేంద్రం ఇక్కడే, భివండీలోనే ప్రారంభించింది. పాత సాంచాలకు అదనపు పరికరాలు బిగించడం అందులో ఒక భాగం. వాటిలో ఒకటి పడుగు పోగు తెగితే సాంచాను ఆపేది. పోగు మీద కూర్చున్న సన్నని ఇనుప బిళ్ల కిందికి జారి సర్క్యూట్ కలిపితే సాంచా ఆగుతుంది. ఇది సాంచా సరిచేసే జాబర్ పనా, మిస్త్రీ పనా? ఇద్దరిదీ. రేపియర్ మగ్గాలొచ్చిన గాలాల్లో సర్వో మోటార్లు, డ్రైవులు, బోర్డులు. అక్కడ టెస్టర్ ఒక్కటి జేబులో పెట్టుకుని వెళ్తే చేతులు కట్టుకుని నిలబడాలి. డ్రైవు ఆపేసిన వెంటనే మూత తీసి లోపల చేయి పెట్టకండి. కెపాసిటర్లలో చార్జి ఇంకా కాసేపు నిలిచి ఉంటుంది.

అదే పథకంలో చిన్న కారఖానాలకు సోలార్ కూడా ఉండేది. ఇళ్లకైతే 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. సోలార్ మన చేతులకు కొత్త పని. మెయిన్ తీశాం కదా అని నమ్మడానికి లేదు. పగటిపూట పలక మీద ఎండ పడినంతసేపు తీగల్లో వోల్టేజీ ఉంటుంది, సూర్యుడికి స్విచ్చి లేదు. పైగా అది డీసీ. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చి తీసినప్పుడు పుట్టిన నిప్పు ఆరిపోతుంది. డీసీలో సున్నా రాదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. ఏసీకి చేసిన ఎమ్‌సీబీని డీసీ లైనులో బిగించకూడదన్నది ఇందుకే. ఇంట్లో ఇరవై ఏళ్లు తప్పులేకుండా పనిచేసిన చేయి మేడ మీదికి ఎక్కగానే కొత్త చేయి అయిపోతుంది. కేంద్రం 2015లో సూర్యమిత్ర శిక్షణ మొదలుపెట్టింది. ఈ బ్యాచ్‌లో కుర్రవాళ్లు అటువైపు చూడండి.

చివరగా కాగితాల సంగతి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడానికి లైసెన్సు అడగరు. వైరింగ్ కొత్తగా వేసినా, లోడు స్వభావం మారేలా ముట్టుకున్నా, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద, పర్మిట్ ఉన్న మనిషే చేయాలన్నది నిబంధన. 27 హెచ్‌పీ లోపు కారఖానాకు ఒక సబ్సిడీ లెక్క, పైన మరో లెక్క ఉన్న ఈ రాష్ట్రంలో, గాలాలో ఇంకో నాలుగు సాంచాలు తగిలించమని అడిగినప్పుడు అది తీగ పని ఒక్కటే కాదని మీకు తెలుసు. కాబట్టి వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టండి. ఇవాళ ఇచ్చే పట్టా పర్మిట్ కాదు, సేట్ దగ్గర అలా చెప్పుకోకండి.

దరఖాస్తు దగ్గర మనవాళ్లకు మాత్రమే వచ్చే తంటా ఒకటుంది. ఊళ్లో స్కూలు సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఇక్కడి ఫారంలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ పూర్తిగా అడుగుతారు. ఆధార్‌లో మూడో రకంగా ఉంటుంది. మూడూ ఒకే మనిషివని నిరూపించుకోవడానికి నెలలు పడుతుంది. అందుకని ఇప్పుడు వేదిక మీదికి వచ్చి పట్టా తీసుకోగానే ఫోటో దిగేముందు పేరు చదువుకోండి. ఆధార్‌లో ఉన్నట్టు లేకపోతే ఆ మూల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి చెప్పండి, ఈ పూటే సరిచేసి ఇస్తారు. రెండో వరుసలో కూర్చున్న కామత్‌ఘర్ అన్నలు ముందు రండి, మీకు రాత్రి షిఫ్టు ఉందని చెప్పారు.