ఒకటి తీసేస్తే

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నడిచే కుటుంబాలు ఈ వెంబకోట్టై చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి పట్టాలు అందుకున్న మీతో తెలుగులోనే మాట్లాడతాను.

కడప జిల్లా కల్లూరులో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. లెక్కలు చెవితోనే నేర్చారు. ఒక గణితావధానంలో 2ను 103 సార్లు వేసి గుణిస్తే ఎంతని అడిగారు. 32 అంకెల జవాబు చెప్పారు: 10141204801825835211973625643008.

చప్పట్లు ఆ సంఖ్యకు దక్కాయి. నా కన్ను మాత్రం దాని పక్కదాని మీద. ఒకటి తీసేస్తే చివర 8 బదులు 7 వస్తుంది. అది ప్రధాన సంఖ్యేనా? ఘాతం 103 ప్రధాన సంఖ్యే కాబట్టి ఆశపడొచ్చు. కానీ కాదు, 2550183799 దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది. 103 బదులు 107 తీసుకోండి, ప్రధాన సంఖ్య వస్తుంది. గుణించడం వచ్చినంత మాత్రాన ఈ తేడా తెలియదు.

తెలుసుకోడానికి లూకాస్, లేమర్ అనే ఇద్దరి పద్ధతి ఉంది. 127 చూడండి, అంటే 2ను 7 సార్లు వేసి గుణించి ఒకటి తీసేసింది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. 4, 14, 67, 42, 111, ఆ తర్వాత సున్నా. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు, ఇక్కడ అయిదు సార్లు, చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. విచిత్రమేమంటే, కాదని తేలినా ఏది భాగిస్తుందో ఈ పద్ధతి చెప్పదు. 67 ఘాతంగా ఉన్నదాన్ని లూకాస్ 1876లోనే కాదన్నాడు. కారణాంకాలు 1903లో గానీ కోల్ అనే గణితవేత్త చేతికి చిక్కలేదు.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరంట్ అనే అమెరికన్‌కు దొరికిన ఇలాంటి ప్రధాన సంఖ్యకు ఘాతం 13,62,79,841. అంకెలు 4,10,24,320. పేజీకి మూడు వేల చొప్పున మన శివకాశి ప్రెస్సులో అచ్చేస్తే పదమూడు వేల పేజీలు దాటుతుంది, కొనేవాళ్లుండరనుకోండి. దానివల్ల బ్యాంకులకూ లాభం లేదు, వాళ్ల డిజిటల్ తాళాలకు కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు. నాకు నచ్చింది దాని పరిమాణం కాదు. అతని మాట ఒక్కటే విని ఎవరూ నమ్మలేదు. వేరే యంత్రాలపై, వేరే ప్రోగ్రాములతో మళ్లీ లెక్కవేసి, సున్నా వచ్చాకే ప్రకటించారు. ఇలాంటి ప్రధాన సంఖ్యలు ఇంకెన్ని ఉన్నాయో, అసలు అంతులేనన్ని ఉన్నాయో లేదో ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు.

మీకు 8191 ఇచ్చి వెళ్తున్నాను. ఘాతం 13, అంటే పదకొండు సార్లు. ఫోనులోని కాలిక్యులేటర్ చాలు. శేషం తప్పితే మాత్రం మళ్లీ 4 నుంచే.