చోటు తెలిసిన రాయి

(తొండియార్‌పేటలో మన సంఘ సభ్యుల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



మా మనుమడు ఎనిమిదేండ్లవాడు. కాశిమేడు తీరమున దొరికిన ప్రతి గవ్వను మాకు చూపి, "తాతయ్యా, ఇది శిలాజమేనా?" అని అడుగుచుండును. అవి నిన్నమొన్నటి గవ్వలే కాని శిలాజములు కావు. కావున మొన్నటి సెలవులలో వానిని తిండివనము మీదుగా, విళుప్పురము జిల్లాలోని తిరువక్కరై గ్రామమునకు తోడుకొనిపోతిమి.

అచట భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు కాపాడుచున్న శిలాజవృక్షవనము ఉన్నది. సుమారు రెండు కోట్ల సంవత్సరములనాటి మ్రాకులు ఎఱ్ఱనేలపై పడియున్నవి. చూచుటకు ఎండిన దుంగలు, తాకినచో రాళ్లు. ఇవి వక్రాసురుని ఎముకలని స్థలపురాణము. 18వ శతాబ్దిలోనే ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు సొన్నెరా వీనినిగూర్చి వ్రాసెను.

పిల్లవాడు ఒక దుంగచుట్టును తిరిగి, "దీనికి వేళ్ళేవీ? కొమ్మలేవీ?" అనెను. అడుగవలసిన ప్రశ్నయే అడిగెను. ఆ చెట్లు అచట పెరిగినవి కావు. పూర్వపు వరదలు వానిని మోసికొనివచ్చి ఇసుకలో పూడ్చినవి. నీటిలో కరిగియున్న సిలికా కలపలోనికి ఇంకి, క్రమముగా దానిని రాయిగా మార్చెను. చెట్టు పోయినను దాని నార జాడ నిలిచినది.

ఇంతలో వాడు అరచేతిలో పట్టునంతటి ముక్క నొకదానిని తీసికొని, "ఇంటికి తీసుకెళ్దామా?" అనెను. అచటినుండి ఏమియు తీసికొనిపోరాదని నియమము. అయినను ఆ నియమము చెప్పుటకు మాకు నోరు రాలేదు. ఏలయన, చిన్ననాడు మేమును ఒక యాత్రలో ఇట్టి ముక్కనే జేబులో వేసికొని వచ్చితిమి. అది నేటికిని మా బీరువాలో ఉన్నది. ఏ ఊరిదో, ఏ పొరలోనిదో వ్రాసియుంచలేదు. "ఇదెక్కడిది తాతయ్యా?" అని వాడే ఒకనాడు అడుగగా చెప్పలేక తలవంచుకొంటిమి. చోటు తెలియని శిలాజము చిరునామా చిరిగిన ఉత్తరము వంటిది.

ఆ సంగతియే వానికి చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, ముక్కను తీసినచోటనే పెట్టెను. పిదప నోటుపుస్తకములో తేదీ, ఊరిపేరు, దుంగ పొడవు వ్రాసి బొమ్మ గీసెను.

తలిదండ్రులారా, దూరము పోలేనివారు ముందుగా 1851లో స్థాపింపబడి, నేడు ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ మ్యూజియమునకు పిల్లలను తీసికొనిపొండు. అచట శిలాజములు కలవు. బయలు ప్రదేశములకు పోవునపుడు టోపీ, మంచినీరు, పెన్సిలు, నోటుపుస్తకము, కొలతటేపు చాలును, సుత్తి వలదు. పిల్లలు అడిగినదానికి సమాధానము తెలియనిచో, తెలియదనియే చెప్పి వారితో కలిసి వెదకుదము. మా బీరువాలోని ముక్క ఇక మాటాడదు. మనుమని పుస్తకములోని దుంగ మాత్రము ఎవరడిగినను తన ఊరు చెప్పును.