పిల్లల దరఖాస్తు వ్యాసం - తల్లి చూడదగ్గ విషయాలు



పిల్లలు పై చదువులకు అమెరికా వెళ్ళాలనుకోవడం మన ఇళ్ళల్లో ఇవాళ వింత కాదు. మార్కుల జాబితాలూ, పరీక్షలూ, బ్యాంకు కాగితాలూ... ఇవన్నీ వాళ్ళే చూసుకుంటారు, మనకేం తెలుస్తుందిలే అనుకుంటాం. కాని ఆ దరఖాస్తులో అంకెలు లేని భాగం ఒకటి వుంది. నువ్వెవరు, ఎందుకు చదవాలనుకుంటున్నావు అన్న ప్రశ్నకి బిడ్డ సొంత మాటల్లో చెప్పే జవాబది. దాన్నే అప్లికేషన్ ఎస్సే అంటారు. దాన్ని పొందికగా ఎలా అమర్చాలన్నదే ఈనాటి మన విషయం. ఇంగ్లీషు అంతగా రాని తల్లి కూడా ఇందులో చెయ్యగలిగింది చాలా వుంది. చెయ్యకూడనిది ఒకటుంది. అది చివర చెబుతాను.

ఇంటరు అయి డిగ్రీకి వెళ్ళే పిల్లలది ఒక దారి, ఇంజనీరింగు ముగించి ఎం.ఎస్.కి వెళ్ళేవాళ్ళది మరో దారి. మొదటివాళ్ళలో చాలామంది 'కామన్ అప్లికేషన్' అనే ఉమ్మడి దరఖాస్తు నింపుతారు. 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ఏర్పాటిది. ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు అందులో వున్నాయి. వ్యాసం 250 మాటలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి పద్ధతి వేరు. వాళ్ళు 8 ప్రశ్నలిస్తారు, 4 ఎంచుకుని ఒక్కొక్కదానికి 350 మాటలు మించకుండా రాయాలి.

మీకు ఇన్‌లాండు లెటరు జ్ఞాపకం వుందా? చోటు చాలకపోతే మడతల అంచుల మీద కూడా చీమలబారులా రాసేసేవాళ్ళం. కంప్యూటరులో ఇచ్చే ఈ గడికి అంచులు లేవు. 650 దాటితే ఒప్పుకోదు. అంచేత అసలు కబురు ముందే వచ్చెయ్యాలి. క్షేమసమాచారాలతో సగం కాగితం నింపితే లాభం లేదు.

పిల్లలు వ్యాసాన్ని విడిగా ఒక ఫైలులో రాసుకుని, ఆ గడిలోకి అతికిస్తారు. అక్కడే తేడాలొస్తాయి. పేరా మొదట వదిలిన జాగా పోవచ్చు. రంగులూ, అక్షరాల సైజులూ నిలవవు. కొటేషన్ గుర్తులు ఒక్కోసారి ఏవో వింత గుర్తులుగా మారిపోతాయి. దీనికి ఉపాయం సులువే. అలంకారాలేవీ పెట్టుకోకుండా, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ లైను వదిలితే చాలు. పేరు, పుట్టినతేదీ దరఖాస్తులో వేరే వుంటాయి కనుక వ్యాసం మీద మళ్ళీ రాయక్కర్లేదు. శీర్షిక కూడా అవసరం లేదు. పంపేముందు మొత్తం ఎలా కనబడుతుందో చూసుకునే వీలుంది. అది చూడకుండా పంపనివ్వకండి.

ఇక ఎం.ఎస్. వాళ్ళు రాసేదాన్ని 'స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్' అంటారు. దీన్ని ఎక్కువగా పి.డి.ఎఫ్. ఫైలుగా పంపుతారు. కొలత విషయంలో విశ్వవిద్యాలయం చెప్పిందే శాసనం. కొందరు ఇన్ని మాటలంటారు, కొందరు ఇన్ని పేజీలంటారు. ఏమీ చెప్పకపోతే రెండు పేజీలు దాటకుండా, నాలుగువైపులా అంగుళం మార్జిను, 12 పాయింట్ల అక్షరం పెట్టుకోవడం మంచిది. టైమ్స్ న్యూ రోమన్ లాంటి మామూలు అక్షరం చాలు. 1932లో లండన్ టైమ్స్ పత్రిక తన పాఠకుల కోసం వాడుకలోకి తెచ్చిన అక్షరమది. మరొక చిన్న సంగతి. మనం వాడే ఏ4 కాగితం అక్కడ వాడరు. వాళ్ళ 'లెటర్' కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడుగు. రాయడం మొదలుపెట్టేటప్పుడే ఆ సైజు పెట్టుకుంటే పేజీలు తారుమారు కావు.

కొంతమంది పిల్లలు మార్జిన్లు తగ్గించి, అక్షరాలు కుదించి, అంతా ఇరికిస్తారు. సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగినట్టన్నమాట! చదివేవాళ్ళు అలాంటివి రోజూ ఎన్నో చూస్తారు. కళ్ళకి శ్రమ కలిగించే కాగితం మీద ఎవరికి దయ కలుగుతుంది చెప్పండి?

పేరు సంగతీ చూడండి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. పాస్‌పోర్టులో ఎలా వుందో దరఖాస్తులోనూ, వ్యాసం పైనా అలాగే వుండాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఒక విశ్వవిద్యాలయానికి రాసినదాన్నే మార్చి ఇంకో దానికి పంపుతూ, పాత పేరు అలాగే వదిలేస్తారు. అది చూడ్డానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు, మన కళ్ళు చాలు.

ఇప్పుడు తల్లి చెయ్యగలిగిన అసలు పని. ఒక సాయంత్రం బిడ్డని దగ్గర కూచోబెట్టుకుని వ్యాసం పైకి చదివించండి. ఊపిరి అందనిచోట వాక్యం పొడుగైపోయిందని గుర్తు. తడబడినచోట ఆ మాట వాడిది కాదని గుర్తు. ఒక్కొక్క పేరా అయ్యాక, "ఇందులో ఏం చెప్పావు నాన్నా?" అని తెలుగులో అడగండి. ఒక్క ముక్కలో చెప్పగలిగితే పేరా సరిగ్గా వున్నట్టే. చెప్పలేక నీళ్ళు నమిలితే, రెండు విషయాలు కలిసిపోయాయన్నమాట. విడదియ్యమనండి. అమ్మమ్మ అనో, బతుకమ్మ అనో మన మాట వస్తే తీసెయ్యనక్కర్లేదు. అదేమిటో ఆ వాక్యంలోనే నాలుగు మాటల్లో తెలిసేలా రాస్తే సరిపోతుంది.

చివరికి చెయ్యకూడనిది. "మీకెందుకమ్మా, డబ్బు కడితే వ్యాసం మేమే రాసిస్తాం" అనేవాళ్ళు వూళ్ళో దొరుకుతారు. కంప్యూటరుకి చెబితే అదే క్షణాల్లో రాసిపెడుతుంది కూడా. వొద్దు. ఇదంతా నా సొంత రచనే అని బిడ్డ సంతకం పెట్టాలి. యంత్రం రాసిన దాన్ని తనదిగా చూపించడాన్ని 2023 నుంచి కామన్ అప్లికేషన్ వారు మోసం కిందే జమకట్టారు. సీటు వచ్చాక బయటపడినా ఆ సీటు పోవచ్చు. అంతకంటే ముఖ్యం, పదిహేడేళ్ళు మనం పెంచిన బిడ్డ తన గురించి తాను చెప్పుకోవలసిన మొదటి చోట ఎవరివో మాటలు అరువు తెచ్చుకుంటే, ఆ మాటల్లో మన బిడ్డ ఎక్కడున్నట్టు?

మార్జిన్లు సరిచెయ్యడానికి సాయం పట్టండి, అచ్చుతప్పులు చూపించండి, ఆఖరి రోజు దాకా ఆగవద్దని పోరండి. వాక్యాలు మాత్రం వాళ్ళవే కానివ్వండి. కాస్త వంకరగా వున్నా ఫరవాలేదు. సెలవు.