నార్వే ఫియోర్డుల నడుమ

నార్వే దేశపటమును చూచువారికి మొదట తోచునది ఆ దేశపు పడమటి అంచు. పోగులు వీడిన చీర కొంగువలె అది పొడవునను చీలికలు చీలికలై కనబడును. ఆ చీలికలే ఫియోర్డులు. ఫియోర్డు నది కాదు, సరస్సును కాదు. కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన సముద్రము. మంచుయుగములందు మహా మందముగా పేరుకొన్న హిమానీనదములు మెల్లగా కిందికి జారుచు, రాతిని అరగదీసి, లోతైన లోయలను తొలిచినవి. మంచు కరగిన పిమ్మట వానిలో సముద్రజలము నిండెను. వీనిలో నార్వేలోకెల్ల పెద్దదైన సోగ్నెఫియోర్డు 200 కిలోమీటర్లకు పైగా దేశము లోపలికి సాగినది. దాని లోతు ఒకచోట 1,300 మీటర్లు దాటును. చిత్రమేమన, అంత లోతును లోపలి భాగముననే గాని సముద్రముతో కలియుచోట కాదు. అచ్చట నేల పైకి లేచి ఇంటిగడపవలె అడ్డుపడియుండును. తీరమును చేరునప్పటికి హిమానీనదము విశాలమై, పలుచబడి, తొలుచు బలమును కోల్పోవుటయే ఇందుకు కారణము.

ఈ సీమను చూడబోవువారు సాధారణముగా బెర్గెన్ నగరమున దిగుదురు. అచ్చట రేవు ఒడ్డున బ్రిగ్గెన్ అను పేర వరుసగా నిలిచిన కొయ్యయిండ్లు ఒకప్పటి జర్మన్ వర్తకులవి. 1702లో అగ్నికి ఆహుతియైన పిదప పూర్వపు తీరుననే వానిని మరల కట్టిరి. బెర్గెన్‌లో సంవత్సరమునకు రెండు వేల మిల్లీమీటర్లకు మించి వాన కురియును. కావున గొడుగును, అంతకంటె ముఖ్యముగా వానకోటును మరువరాదు. రేవులోని చేపల అంగడి చూచుటకు బాగుండును. తినుటకు కూర్చుండుటకు ముందు మాత్రము ధరల పట్టికను ఒకసారి చదువుట క్షేమము.

బెర్గెన్ నుండి బయలుదేరి ఒక్క దినములో ఫియోర్డును చూచి తిరిగి రావచ్చునని ప్రయాణసంస్థలు చెప్పును. అది నిజమే. ఉదయము రైలులో వోస్ వరకు, అచ్చట నుండి బస్సులో గుద్‌వాంగెన్ వరకు, పిదప పడవలో నేరోయ్‌ఫియోర్డు మీదుగా ఫ్లోమ్ గ్రామమునకు, అటనుండి కొండరైలులో మిర్డాల్‌కు, మరల పెద్ద రైలులో బెర్గెన్‌కు. 1940లో నడువ నారంభించిన ఆ కొండరైలు కేవలము 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా ఎత్తునకు ఎక్కును. నడుమ ఒక జలపాతము కడ ఆగి ప్రయాణికులను దిగనిచ్చును. ఇన్ని వింతలు ఒకే దినమున చూచినవాడు సాయంకాలమునకు అలసి నిద్రించును గాని ఫియోర్డును చూచితినని చెప్పజాలడని నా అభిప్రాయము.

ఎందుకనగా, వేసవిలో పగటివేళ ఫ్లోమ్ గ్రామము గ్రామముగా ఉండదు. కొన్ని వందలమంది నివసించు ఆ చోటికి ఒక్కొక్క విహారనౌక వేలకొలది జనమును దించును. సాయంకాలమున ఆ నౌక కూతవేసి కదలిన తరువాత గాని అచ్చటి నిశ్శబ్దము మనకు దొరకదు. అప్పుడు ఎక్కడివో సన్నని జలధారల చప్పుడు కొండకొండకును వేరువేరుగా వినవచ్చును. జూన్ నెలలో రాత్రి పదకొండు గంటలవేళ కూడ ఆకాశమున వెలుగుండును. కావున ఒక దినమునకు బదులు మూడు దినములు, ఒక హోటలునకు బదులు పక్కనున్న ఔర్‌లండ్‌లోనో ఊండ్రెడాల్‌లోనో ఒక చిన్న బస, ఇవి ఏర్పరచుకొనవలెను. ఔర్‌లండ్ పైన 650 మీటర్ల ఎత్తున స్టేగస్టైన్ అను కొయ్యవంతెన వంటి వేదిక కొండ నుండి గాలిలోనికి పొడుచుకొనియుండును. దానిమీదికి ఉదయముననే పోవుట మేలు. గుద్‌వాంగెన్ నుండి ఫ్లోమ్‌కు వచ్చు పడవ సుమారు రెండు గంటలు నడుచును. 2018 నుండి అచ్చట తిరుగుచున్న బాటరీ పడవకు యంత్రపు హోరు లేదు; 250 మీటర్ల వెడల్పు మాత్రమే గల ఇరుకులో రెండు గోడలవంటి కొండల నడుమ ఆ మౌనము ఎంతో తగియున్నది.

ఇక భోజనము మాట. నార్వేలో హోటలు భోజనము మిక్కిలి ప్రియము. ఆ దేశస్థులే పగటివేళ హోటలునకు పోరు. రొట్టెముక్కలపై ఏదో ఒకటి పరచి, కాగితమున చుట్టి, మాట్‌పాకె అను పొట్లమును వెంట తీసికొనిపోవుదురు. మనమును అట్లే చేయవచ్చును. కొళాయినీరు నిర్భయముగా త్రాగవచ్చును. సీసానీరు కొనుట వ్యర్థము. ఆదివారమున చాల దుకాణములు మూసియుండును గనుక శనివారము నాడే కావలసినవి కొనిపెట్టుకొనవలెను.

ఆ పొట్లములో తప్పక ఉండవలసినది బ్రూనోస్ట్ అను గోధుమవన్నె చీజు. పాలను విరిచి గడ్డను తీసిన పిమ్మట మిగిలిన తేటను, కొంత పాలు మీగడ కలిపి, గంటలకొలది మరగించెదరు. నీరంతయు ఇగిరి, పాలలోని చక్కెర మాడుచాయకు వచ్చువరకు ఆ పని సాగును. మన కోవా చేయు విధమునకు ఇది దగ్గరిదే. రుచియు తీపితో కూడిన కోవాను తలపించును, చివర ఒకింత ఉప్పన. ఊండ్రెడాల్‌లో మేకపాలతో చేసినది దొరకును. వంద మందికి మించని ఆ పల్లెలో మనుష్యులకంటె మేకలే అధికము. మొదటి ముక్కకే మొగము చిట్లించువారు కలరు; వారు రెండవ ముక్కను వేడి వాఫిల్‌మీద పెట్టుకొని తినిచూడవలెను. పడమటి తీరపు ఫెర్రీలలో స్వేలె అను మెత్తని మందపాటి అట్టు అమ్ముదురు. వెన్న, పంచదార గాని ఈ చీజు గాని పెట్టి మడిచి యిచ్చెదరు. కారు దిగి పైకి పోయి కాఫీతో దానిని తినుట అచ్చటివారికి ఫెర్రీప్రయాణములో సగము. మాంసాహారులు శరత్కాలమున పోయినచో గొర్రెమాంసమును, క్యాబేజీని మిరియాలతో చిరకాలము ఉడికించిన ఫోరికోల్‌ను అడుగవలెను. శాకాహారులకు బంగాళాదుంపలు, రొట్టె, చీజు, వేసవిపండ్లు ఉండనే ఉన్నవి. హర్డాంగెర్ ప్రాంతమున యాపిల్ తోటలు ప్రసిద్ధములు.

1957 నాటి శాసనమొకటి యాత్రికునకు గొప్ప వరము. సాగులో లేని భూములందు ఎవరైనను నడువవచ్చును, అడవిపండ్లు కోసికొనవచ్చును, ఇండ్లకు కనీసము 150 మీటర్ల దూరమున డేరా వేసికొని రెండు రాత్రులు గడుపవచ్చును. గొర్రెల తడికను తెరచినవాడు మరల మూయవలెను, అంతే.

సోగ్నెఫియోర్డునకు ఉత్తరముగా ఉన్న గైరాంగెర్ ఫియోర్డును కూడ చూడదలచువారికి ఒక మాట. నేరోయ్‌ఫియోర్డుతో కలిపి దీనిని 2005లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. నిలువు కొండల అంచులపై విడిచిపోయిన పాత పొలములు, ఇండ్లు అచ్చటచ్చట వేలాడుచున్నట్లుండును. పన్ను వసూలు చేయువాడు వచ్చినప్పుడు నిచ్చెనను పైకి లాగివేయువారని వానిలో ఒకదానిని గూర్చి కథ చెప్పుదురు. ఆ కొండలు చిత్రపటములు మాత్రమే కావు. 1934 ఏప్రిల్‌లో సమీపముననున్న టాఫియోర్డులో కొండచరియ నీటబడగా లేచిన కెరటము నలుబదిమందిని పొట్టనబెట్టుకొనెను. నేడు ఓకెర్నెస్ అను కొండచరియ క్రమముగా కదలుచున్నదని దానిపై యంత్రములతో రాత్రింబవళ్లు కాపలా కాయుచున్నారు. నౌకల పొగయు అచ్చట ఒక చింత. వారసత్వ ఫియోర్డులలోనికి కాలుష్యరహితమైన నౌకలనే రానీయవలెనని 2018లో నార్వే పార్లమెంటు తీర్మానించినది. పెద్ద నౌకలకు మాత్రము 2032 వరకు గడువు లభించినది.

హెల్లెసిల్ట్ నుండి గైరాంగెర్‌కు పోవు ఫెర్రీలో ఒక గంటకు పైగా పట్టును. పైతట్టున ఎడమవైపు నిలుచున్నచో ఏడుగురక్కచెల్లెండ్రని పేరుగల జలపాతము ఎదుట పడును. మే, జూన్ నెలలలో పైనున్న మంచు కరగుచుండగా ఆ ఏడుధారలును లెక్కింపవచ్చును. ఆగస్టు చివరకు వెళ్లినవారికి నాలుగో, మూడో మాత్రమే మిగిలియుండవచ్చును.