ఏటి తిన్నారు, ఎప్పుడు తిన్నారు



కారా మాస్టారు 1997లో కథానిలయం నెలకొల్పిన శ్రీకాకుళంలో, కథకుల సభకు ఒక వైద్యుణ్ణి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. నేను విన్న కథలన్నీ పీహెచ్‌సీ వరండాలో విన్నవే. వాటి గురించే మాట్లాడతాను.

చాలా ఏళ్ల కిందట, వంశధార ఒడ్డున ఒక ఊళ్లో గైరమ్మ సంబరం. మధ్యాహ్నం ఊరంతా సంతర్పణలో భోంచేసింది. పొద్దు వాలకముందే పిల్లా పెద్దా డోకులతో పడిపోయారు. మేం వెళ్లేసరికి ఊరు తీర్పు చెప్పేసింది: చేపల పులుసే. అది వండినతను భయపడి పొలాల్లోకి పోయాడు. బడి అరుగు మీద సెలైన్ ఎక్కుతున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచింది. “నాను నీసు ముట్టి పదేళ్లయింది బాబూ, నాకెందుకొచ్చాయి డోకులు?” అంది. మరి ఏం తిన్నావమ్మా అంటే, అన్నం, పప్పు, పరమాన్నం అని చెప్పింది. ఆ పరమాన్నం ముందురోజు రాత్రే వండి గుండిగలో మూతపెట్టి ఉంచినది.

ఇల్లిల్లూ తిరిగి రెండు వరసలు రాశాం. పరమాన్నం తిన్నవాళ్లు ఒక వరస, తిననివాళ్లు ఇంకో వరస. పులుసు తిని పరమాన్నం ముట్టనివాళ్లు దాదాపు అందరూ క్షేమంగా ఉన్నారు. పరమాన్నం కలిపినామె బొటనవేలికి చీముపట్టిన పుండు కనిపించింది. తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలైతే మొదట స్టెఫిలోకోకస్‌ని అనుమానిస్తాం. ఆ క్రిమి వదిలిన విషం తెల్లారి మళ్లీ మరిగించినా పోదు. ఆమె పేరు మేం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. పొలాల్లోకి పోయినతన్ని మాత్రం వెతికి తీసుకొచ్చి, నలుగురి ముందూ నీ తప్పేం లేదని చెప్పాం.

ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నే మా శాస్త్రానికి మూలం. అందరిలా తినకుండా జబ్బుపడ్డవాళ్లు, అందరితో తిని కూడా బాగున్నవాళ్లు, ఈ ఇద్దరి దగ్గరా జవాబు ఉంటుంది. వాళ్లు మాట్లాడేదాకా ఆగి వినడమే దర్యాప్తు. ప్రయోగశాల ఆ తర్వాత వస్తుంది.

ఏం తిన్నారన్నది మొదటి ప్రశ్న అయితే, రెండోది ఎప్పుడు తిన్నారన్నది. జబ్బు బయటపడడానికి సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి మూడు రోజులు పట్టవచ్చు. కలరాకి కొన్ని గంటలు మొదలుకొని ఐదు రోజుల దాకా. హెపటైటిస్ ఎ అయితే సగటున నాలుగు వారాలు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకినప్పుడు ఈ నాలుగు వారాలే మనకి అడ్డుపడ్డాయి. వందమందికి పైగా పిల్లలు జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. కళ్లు పచ్చబడ్డ రోజున ఆ పిల్లని నిన్న ఏం తిన్నావని అడిగితే లాభం లేదు. నెల కిందట ఏ కుళాయి దగ్గర నీళ్లు తాగావో అడగాలి. అది ఏ పిల్లకి గుర్తుంటుంది? పైగా దసరా సెలవుల రోజులవి. జబ్బు కొండ ఎక్కి ఊళ్లకి వెళ్లిపోతే దాన్ని వెతుక్కుంటూ పోవలసింది ఆశా కార్యకర్తే. మొదటి పిల్ల ఆకలి లేదని కంచం పక్కన పెట్టిన రోజే ఎవరో ఒకరు రాసి ఉంచాలి. హాస్టల్లో ఆ పని ఎవరిదో ఇప్పటికైనా తేల్చాలని నా కోరిక.

రాయడానికి వ్యవస్థ లేకపోలేదు. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. అనుమానిత లక్షణాలని ఏఎన్‌ఎం ఎస్ ఫారంలో రాస్తుంది, డాక్టరు పి ఫారంలో, ల్యాబు ఎల్ ఫారంలో. ఇప్పుడవన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. అయితే మన పల్లెల్లో విరోచనాలు పట్టుకున్న మనిషి ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. సెలైన్ సీసాలు అయిపోయాయని ఒకే పూట ముగ్గురు ఆర్‌ఎంపీలు మందుల షాపుకి కబురు పెడితే, ఊళ్లో ఏదో మొదలైందని అర్థం. ఆ కబురుకి ఏ ఫారంలోనూ గడి లేదు. చట్టంలోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 35వ సెక్షన్, ఆహార విషప్రభావం కేసులు చూసిన వైద్యులు తెలియజేయాలని ఆదేశించవచ్చు అంటుంది. అదీ నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతంలోనే. ఆ “వచ్చు” తీసేసి, దేశమంతా తప్పనిసరి చేయాలి.

గుర్ల సంగతి చెప్పకుండా ఈ వేదిక దిగలేను. 2024 అక్టోబరు 15న విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగింది. ఆ వారంలోనే, ఆ జిల్లాలోనే, గుర్లలో అతిసారంతో జనం రాలిపోయారు. చంపావతి నది, దాని ఒడ్డున మలవిసర్జన, అక్కడి నుంచి ఊరికి వచ్చే నీళ్లు, అన్నిటి మీదా అనుమానం పడింది. 21న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు, సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌ని ప్రభుత్వం విచారణకి వేసింది. ఎంతమంది పోయారన్న దగ్గర మాత్రం ప్రభుత్వం మాటకీ ప్రతిపక్షం మాటకీ పొత్తు కుదరలేదు. ఇంకేదో జబ్బు ఉన్న మనిషి పోతే అది అతిసారం చావు అవునా, కాదా?

వైద్యుడిగా నా జవాబు చెబుతాను. షుగరు, గుండెజబ్బు ఉండి కూడా ఒక ముసలాయన రోజూ పొలం గట్టుకి వెళ్లొస్తున్నాడు. రాత్రి పదిసార్లు నీళ్ల విరోచనాలయ్యాక ఒంట్లో నీరు ఇంకిపోయి, మూత్రం ఆగి, తెల్లారేసరికి పోయాడు. ఆయన్ని చంపింది అతిసారమే. పాతజబ్బు పేరు రాస్తే జిల్లా లెక్క చిన్నదవుతుంది, పైపులైను కింద కారుతున్న మురుగు అలాగే ఉంటుంది.

ఏలూరు కూడా గుర్తు చేసుకోవాలి. 2020 డిసెంబరు మొదటివారంలో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది. జాతీయ పోషకాహార సంస్థ కూరగాయల్లో పురుగుమందులు చూసింది. నిపుణుల వేలు చివరికి పురుగుమందుల వైపే చూపింది. అవి కడుపులోకి ఎలా చేరాయో ఆ ఊరి గృహిణికి అర్థమయ్యేలా తెలుగులో ఒక పుస్తకం రావాలి. అది రాయగలిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

మీతో నాకున్న పని ఒకటే. ఫారాల్లో “తీవ్ర అతిసార వ్యాధి” అని ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఎవరూ ఆ మాట అనరు. డోకులంటారు, బేదులంటారు, విరోచనాలంటారు, కడుపులో దేవినట్టుందంటారు, కాళ్లు కొంకర్లు పోతన్నాయంటారు. ఆ చివరి మాట విన్న ఏఎన్‌ఎం కలరాని అనుమానించి, యాంటీబయాటిక్ పడకముందే మలం నమూనా తీయాలి. కొండ మీద సవర, కువి భాషల్లో ఏమంటారో నాకు తెలియదు. అక్కడి కథకులు చెప్పాలి.

బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. సాయంత్రం వెళ్లేముందు మీ ఊరి పేరు, మీ ఊళ్లో కడుపుజబ్బుకి వాడే మాటలు అందులో రాయండి. పక్కన ఆ మాట ఏ లక్షణమో నేను నింపి, ఆశా కార్యకర్తల శిక్షణకి తీసుకెళ్తాను. మొదటి పేజీలో ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న ఆమె మాటల్లోనే రాసి ఉంచాను.