కాన్పు సెలవు: జీతం ఎవరి పద్దు?

ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్నది ఒక్క ప్రశ్న. కాన్పు సెలవులో ఉన్న ఉద్యోగినికి జీతం ఎవరివ్వాలి?

1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి సమావేశమే దీనికి జవాబు చెప్పింది. పన్నెండు వారాల సెలవుకు భృతి ప్రభుత్వ నిధి నుంచైనా రావాలి, బీమా నుంచైనా రావాలి అంది. ఆ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో మిల్లు కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. తల్లికి విశ్రాంతి దొరికితే దేశానికే మేలు, కనుక భారంలో పెద్ద భాగం ప్రభుత్వం మోయాలన్నారు. స్త్రీల శ్రమతో లాభపడే యజమానిని మాత్రం పూర్తిగా వదిలిపెట్టలేదు. మరుసటి ఏడు వచ్చిన చట్టం భారమంతా యజమాని మీదే వేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ 1934 చట్టం, స్వతంత్ర భారతంలో 1961 చట్టం ఆ దారినే నడిచాయి.

ఈలోగా సర్కారు కొలువులే ఆడవాళ్లకు అడ్డుకట్టలు కట్టాయి. విదేశాంగ సర్వీసులో వాళ్ల పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది. పెళ్లయ్యాక రాజీనామా అడిగే వీలూ ఉండేది. ఆ సర్వీసు అధికారిణి సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కితే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నియమాలను ఏకిపారేశారు. ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ తొలిసారి గర్భవతి అయితే చాలు, ఉద్యోగం ఊడేది. సుప్రీంకోర్టు 1981లో దాన్ని కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోరాదన్న నియమాన్ని అదే తీర్పు నిలబెట్టింది! ఎందుకో నాకిప్పటికీ మింగుడుపడదు.

బాహాటంగా పెట్టిన అడ్డుకట్టను కోర్టు తీసేయగలదు. ఖర్చు రూపంలో వచ్చేదే కష్టం. అమెరికాలో ఆరోగ్యబీమా కాన్పు ఖర్చునూ భరించాలని 1970లలో కొన్ని రాష్ట్రాలు శాసించాయి. దాని ఫలితాన్ని ఆర్థికవేత్త జోనథన్ గ్రూబర్ 1994లో లెక్కగట్టారు. పిల్లల్ని కనే వయసులోని వివాహితల వేతనాలు దాదాపు ఆ ఖర్చు మేరకే తగ్గాయి. వేతనం తగ్గించే వీలు లేని చోట యజమాని ఏం చేస్తాడు? ఆడవాళ్లను అసలు తీసుకోకుండానే ఉంటాడు.

1961 చట్టానికి 2017లో వచ్చిన సవరణను ఈ వెలుగులో చూడండి. సెలవు 12 వారాల నుంచి 26కు పెరిగింది. యాభై మంది, ఆ పైన ఉంటే శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి. రెండూ అవసరమే. కానీ బిల్లు మళ్లీ ఆ యజమానికే. పదిహేను మందితో నడిచే ఆఫీసులో ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయిని పెళ్లి సంగతి అడిగేది ఊరికే కాదు. తండ్రికి సెలవు ఈ చట్టంలో లేదు కనుక, అబ్బాయికి ఆ ప్రశ్న ఎదురుకాదు.

వేరే దారి మనకు తెలియనిది కాదు. 1948 చట్టంతో మొదలైన ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది. మగైనా ఆడైనా ప్రతి కార్మికుడి వేతనం మీద యజమాని ఇప్పుడు 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చందా కడతారు. ప్రసూతి భృతి ఆ నిధి నుంచి వస్తుంది. ఆడమనిషిని పెట్టుకున్నంత మాత్రాన చందా పెరగదు. అయితే నెలకు 21,000 దాటిన జీతానికి ఈ నీడ లేదు. ఆ గీత పైనున్న వాళ్లకూ దీన్ని విస్తరించడం మొదటి పని అని నా అభిప్రాయం.

ఇక వరినాట్లకు పోయే కూలీకి యజమాని రోజుకొకడు. ఆమెకు ఏ చట్టం కిందా 26 వారాల జీతం లేదు. 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలన్నది. 2017లో కేంద్రం పెట్టిన మాతృవందన పథకం తొలి కాన్పుకు 5,000 ఇచ్చింది, అదీ వాయిదాల్లో.